ఆది జాకెట్టు కొలతతో నల్లకోటు

నేను రాసిన మొదటి వ్యాపార ప్రణాళిక పదహారు పేజీలు. అందులో అంకెలున్నాయి, బాణం గుర్తులున్నాయి, రంగు పెన్సిళ్లతో వేసిన బొమ్మలున్నాయి. కొనే మనిషి మాత్రం ఒక్కరూ లేరు. ఆ సంగతి అర్థం కావడానికి నాకు మూడు రోజులు, ఒక ముసలి వకీలుగారు కావాల్సొచ్చింది.

ఎంబీఏ రెండో ఏడాదిలో మా మేడమ్ క్లాసుకో పని పెట్టారు. ఇంటర్నెట్ మీద నడిపే చిన్న వ్యాపారం ఏదైనా ఎంచుకోవాలి, దానికి ప్రణాళిక రాయాలి, నిజంగా కొనేవాళ్లున్నారో లేదో బజార్లోకి వెళ్లి కనుక్కోవాలి. నాలుగు నెలల గడువు. రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్లు అయి ఉంటుంది. మొఘల్‌పురాలో మా సందు చివర నెట్ సెంటర్ కొత్తగా తెరిచారు. పరదా వెనక కుర్చీలో కూర్చుంటే ఫోను లైను కాసేపు కీచుమని అరిచేది. ఆ తర్వాత తెర మీద బొమ్మ పైనుంచి కిందికి గీత గీతగా దిగేది. సగం బొమ్మ దిగేసరికి నా ఒళ్లంతా చెవులూ కళ్లూ అయిపోయేది. ఇక్కడ కూర్చుని ఎక్కడో ఉన్నవాళ్లకి వస్తువు అమ్మొచ్చు అనే మాటే నన్ను నిద్రపోనిచ్చేది కాదు.

క్లాసులో వాళ్లంతా గ్రీటింగ్ కార్డులన్నారు, పుస్తకాలన్నారు, పచ్చళ్లన్నారు. నేను లేచి నల్లకోట్లు అన్నాను.

దానికి కారణం మా నాన్న. ఆయన నయాపూల్ దగ్గర కోర్టు ఆఫీసులో సూపరింటెండెంటు. గోదావరి పక్కనుంచి ఉద్యోగానికొచ్చి, ఆఫీసుకి నడిచి వెళ్లగలిగే దూరంలో ఇల్లు కావాలని మొఘల్‌పురాలో అద్దెకు దిగారు. అంతే, మళ్లీ కదల్లేదు. సెలవుల్లో నేను ఆయనకి క్యారేజీ తీసుకెళ్లేదాన్ని. వెళ్లినప్పుడల్లా గేటు దగ్గర ఒకటే దృశ్యం. లాయరుగా పేరు నమోదు చేయించుకోవడానికి జిల్లాల నుంచి బస్సు దిగిన కుర్రాళ్లు, చేతిలో ఫైలు పట్టుకుని, "కోటు ఎక్కడ కుడతారండీ?" అని దారిన పోయేవాళ్లని అడుగుతుండేవారు. వాళ్లు ఇక్కడిదాకా రాకుండానే కోటు వాళ్లింటికి వెళ్తే? అదీ నా ఆలోచన.

ఇంకో కారణం పక్క సందులో ఉండే నా స్నేహితురాలు. బడి నుంచి డిగ్రీ దాకా ఒకే బెంచీ మాది. తర్వాత నేను ఎంబీఏలో చేరాను, తను వెబ్ పేజీలు తయారుచేసే కోర్సు చేసింది. వాళ్ల నాన్న దర్జీ. ముప్ఫై ఏళ్లుగా వకీళ్ల కోట్లు తప్ప ఇంకో బట్ట ముట్టని మనిషి. నేను ఆయన్ని చాచా అనేదాన్ని.

ఒక ఉదయం ఇద్దరం ఆయన దుకాణంలో నిలబడి సంగతి చెప్పాం.

"మీరు కుట్టండి చాచా. ఇది పేజీ చేస్తుంది. నేను అమ్ముతాను."

ఆయన బట్ట మీద సుద్దగీత గీస్తూనే అడిగారు. "ఎవరికి అమ్ముతవ్ బేటీ?"

"జిల్లాల్లో లాయర్లకి."

"వాళ్లు ఈడికి ఒస్తరా?"

"రారు. అదే కదా గొప్ప. కంప్యూటర్లో చూసి కొనుక్కుంటారు."

సుద్ద ఆగిపోయింది. "ఆద్మీని చూడకుండ కోటు కుట్టుడా? భుజం చూడాలె బేటీ. ఎవరికైనా ఒక భుజం ఎత్తుంటది, ఒకటి దిగుంటది. నీ కంప్యూటర్ల భుజం కనవడ్తదా?"

"జర సునో తో పప్పా," అని కాస్త వినమన్నట్టు బతిమాలింది నా స్నేహితురాలు. ఆయన తల అడ్డంగా ఊపి మళ్లీ సుద్ద అందుకున్నారు. వద్దని మాత్రం అనలేదు. మాకదే చాలు.

మరుసటి రోజు నుంచి ఇద్దరం కోర్టు గేటు ముందు చాయ్ బండి దగ్గర నిలబడ్డాం. నా చేతిలో అట్ట, అట్టకి క్లిప్పు పెట్టిన ప్రశ్నల కాగితాలు. మొత్తం ఇరవై రెండు ప్రశ్నలు. నల్లకోటు కనిపిస్తే చాలు, పరిగెత్తి పట్టుకునేవాళ్లం. లాయర్లు మంచివాళ్లు, చాయ్ తాగుతూ ఓపిగ్గా జవాబులు చెప్పారు. అన్నిటికంటే నా ప్రాణం నాలుగో ప్రశ్న మీద ఉండేది. 'ఇంటర్నెట్‌లో మంచి కోటు తక్కువ ధరకు దొరికితే కొంటారా?' అందరూ కొంటామనే అన్నారు. ఒకాయనైతే రెండు కొంటానన్నారు! రెండు రోజులు నేను నేలమీద నడవలేదు. ఇంటికొచ్చి ప్రణాళికలో 'గిరాకీకి అంతులేదు' అని రాసి కింద ఎర్రగీత కూడా కొట్టాను.

మూడో రోజు బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. తల పూర్తిగా నెరిసిపోయింది. వచ్చే లాయర్లంతా ముందు ఆయనకి నమస్కారం పెట్టడం చూస్తే సీనియర్ అని తెలిసిపోతోంది. నేను కాగితం ఇచ్చాను. ఆయన జవాబులు రాయలేదు. మొదటినుంచి చివరిదాకా చదివి, జేబులోంచి పెన్ను తీసి, నాలుగో ప్రశ్న చుట్టూ సున్నా చుట్టారు.

"ఇది ఎవరు రాసిన్రు?"

"నేనే సర్."

"కోర్టుల గిట్ల అడిగితే అవతలి వకీలు లేచి నిలవడ్తడు. లీడింగ్ క్వశ్చన్ అంటడు. సాక్షి నోట్ల జవాబు నువ్వే పెడ్తున్నవ్ కద తల్లీ. మంచి కోటు అంటివి, తక్కువ ధర అంటివి. ఎవరు వద్దంటరు? నేను గూడ కొంట అనే అంట. రేపు పొద్దుగాల పైసలు తీయమంటే తీస్తనా?"

"తియ్యరా సర్?"

"నా కోటు పదకొండేండ్ల కింద కుట్టించిన. ఇంకో పదేండ్లు ఆగుతది."

బెంచీ అంతా నవ్వింది. నా స్నేహితురాలు కూడా నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగింది. నా మొహం కందిపోయింది. ఆయన మాత్రం నవ్వలేదు. నన్ను పక్కన కూర్చోమని, చాయ్ చెప్పి, నెమ్మదిగా అన్నారు.

"జరగబోయేది అడగకు. జరిగింది అడుగు. ఆఖరి కోటు ఎప్పుడు తీసుకున్నరు? యాడ తీసుకున్నరు? ఏం తక్లీఫ్ అయింది? ఈ మూడు చాలు. అడిగినంక నోరు మూసుకొని కూసో. మనిషి తనంతట తనే చెప్తడు."

నా ఇరవై రెండు ప్రశ్నల మీదా ఆయనే అడ్డగీతలు కొట్టి కాగితం చేతికిచ్చారు.

ఆ మధ్యాహ్నం నుంచే మూడు ప్రశ్నలతో మళ్లీ మొదలుపెట్టాం. నిన్నా మొన్నా అడిగినవాళ్లని కూడా వెతికి పట్టుకుని అడిగాం. రెండు రోజుల్లో నా పదహారు పేజీలు గాలికి కొట్టుకుపోయాయి. మగ లాయర్లు పేరు నమోదైన రోజే కోటు కొనుక్కుంటారు. ఇంటిల్లిపాదీ వెంట వస్తారు, కోటు కొని అందరూ కలిసి హోటల్లో తిని వెళ్తారు. అదో పండగ వాళ్లకి. ఆ తర్వాత పదేళ్ల దాకా కోటు మాటే ఎత్తరు. తక్లీఫ్ ఏముందని అడిగితే, "ఏముంటదమ్మా, కోటే కద" అన్నారు.

నిజానికి నేను కుంగిపోవాలి. కానీ ఎందుకో మొదటి రెండు రోజుల కంటే ఇప్పుడే హుషారుగా ఉంది. 'కొంటాను' అన్న మాటల్లో అందరిదీ ఒకటే గొంతు. ఇప్పుడు ఒక్కొక్కరిదీ ఒక్కో కథ. వింటూ ఉంటే కాగితం మీద రాయడం కూడా మర్చిపోయేదాన్ని.

అయిదో రోజు సాయంత్రం, ఇక వెళ్లిపోదాం అనుకుంటుంటే, బస్టాండుకి ఆటో కోసం నిలబడ్డ ఒక లాయరమ్మ కనిపించింది. నల్గొండ నుంచి కేసు పని మీద వచ్చిందట. కోటు చేతులు రెండు మడతలు పెట్టి, ఒక్కోదానికి ఒక్కో పిన్నీసు గుచ్చుకుంది. అప్పటిదాకా మేం ఆడవాళ్లని అడగలేదు. నేనే ఆడపిల్లనై ఉండి నా పదహారు పేజీల్లో లాయరంటే మగవాడే.

"ఆఖరి కోటు ఎప్పుడు తీసుకున్నారక్కా?" అన్నాను.

"తీసుకున్నది ఏడిది చెల్లె? ముందుగాల మా సీనియర్ సార్ పాతది ఇచ్చిండు. తర్వాత గిది కొన్న. ఇది గూడ మగోళ్లదే. చిన్న సైజ్ ఇమ్మంటే ఇచ్చిండు."

"ఏం ఇబ్బందైంది?"

ఆమె సంచి కింద పెట్టింది. "ఏం గాలే అని అడుగు! భుజాలు జారుతయ్. లోపల కొంగు ముద్దయితది. గుండీ పెడితే ఊపిరాడది, పెట్టకపోతే జడ్జి సాబ్ చూస్తడు. వాదించేటప్పుడు చెయ్యి లేపితే పిన్నీసు ఊడి మోచేతికి గుచ్చుకుంటది. కేసు మీద ధ్యానం ఉంటదా, కోటు మీద ఉంటదా?"

"కుట్టించుకోవచ్చు కదా?"

"మా దగ్గర కోటు కుట్టేటాయన ఆడోళ్ల కొలత తీసుకోడు. ఆయనకూ శరమే, నాకూ శరమే. లేడీస్ టైలర్‌కు జాకెట్టు వస్తది, కోటు రాదు. ఇగ యాడికి పోవాలె?"

"మీ కోర్టులో ఎంతమంది ఆడవాళ్లున్నారక్కా?"

"ఏడుగురం. ఏడుగురిదీ గిదే లొల్లి."

ఆటో వచ్చింది, ఆమె వెళ్లిపోయింది. మేమిద్దరం రోడ్డు మధ్యలో ఒకరి చేతులొకరం పట్టుకుని గెంతాం. అవతల బండివాడు హారన్ కొట్టి తిట్టాడు కూడా. మాకు వినపడితే కదా!

మర్నాడు ఆడ లాయర్లు కూర్చునే గదిలోకి వెళ్లాం. మూడు ప్రశ్నలు పూర్తికాకముందే గది గదంతా మాట్లాడటం మొదలుపెట్టింది. ఒకామె కోటు విప్పి, లోపల భుజం దగ్గర తను కత్తిరించి పారేసిన దూది ముక్కల చోటు చూపించింది. ఇంకొకామె పక్క కుట్లు విప్పుకుని, నడుము దగ్గర తనే చీలిక పెట్టుకుంది. ఒకామె అయితే కోటు వేసుకోవడం ఇష్టం లేక ఆఖరి నిమిషందాకా చేతి మీదే వేసుకుని తిరుగుతానంది. నేను పెద్దాయన చెప్పినట్టే నోరు మూసుకుని కూర్చున్నాను. అంత కష్టమైన పని నేను ఎంబీఏలో ఇంకోటి చెయ్యలేదు.

కొత్త ప్రణాళిక రెండు పేజీలే వచ్చింది. దాని నిండా మనుషులే.

"ఔరతాఁ కా కోట్? ఆడోళ్లకు కోటా?" అన్నారు చాచా. రెండు రోజులు ఆ మాట ఎత్తలేదు. మూడో రోజు దుకాణానికి వెళ్తే గోడకి పాత న్యూస్‌పేపర్‌తో కత్తిరించిన కోటు ఆకారం ఒకటి వేలాడుతోంది. ముందు భాగంలో జాకెట్టుకి వేసినట్టు టక్కులు. ఎడమ భుజం దగ్గర కొంగు మడతలకి చోటు. పక్కన చీర కుచ్చిళ్లకి అడ్డం రాకుండా చీలిక.

"మీ చాచీ చీర కడ్తదా ఏంది, నాకు ఎర్కుండనీకి? మీ అమ్మ బజారుకు పొయ్యేటప్పుడు చూసిన," అన్నారు కొంచెం సిగ్గుపడుతూ. "ఆకారం వచ్చింది. కొలత ఎట్ల బేటీ? నేను వాళ్లను చూడలేను. వాళ్లు ఈడికి రాలేరు."

పదకొండు కొలతలతో ఒక ఫారం తయారుచేశాం. ఆడ లాయర్ల గదిలోనే పరీక్షించాం. ఎవరి కొలత వాళ్లనే తీసుకోమని టేపు ఇచ్చి, తర్వాత నా స్నేహితురాలు మళ్లీ తీసింది. ఒక్కటీ కలవలేదు. కొందరు చీర మీదనుంచి తీశారు, కొందరు ఊపిరి బిగబట్టి తీశారు. భుజం కొలత తనకు తనే తీసుకోవడం ఎవరి వల్లా కాలేదు. వారం రోజులు అక్కడే ఇరుక్కుపోయాం. కోటు ఆకారం గోడ మీదుండి కొలత లేకపోవడం కంటే బాధ ఇంకోటి లేదు.

ఆ ఆదివారం మా అమ్మ నా చేతికో సంచి ఇచ్చింది. "జాకెట్టు గుడ్డ టైలరుకి ఇచ్చిరా. లోపల ఆది జాకెట్టు పెట్టాను. జాగ్రత్తే తల్లీ, దాన్ని పోగొట్టావంటే నాకు మళ్లీ అలాంటిది కుదరదు."

సందు మలుపు దాకా వెళ్లి ఆగిపోయాను. టైలరు దగ్గరికి వెళ్లలేదు. వెనక్కి తిరిగి చాచా దుకాణం దాకా పరిగెత్తాను.

"చాచా! ప్రతి ఆడమనిషి దగ్గరా ఒకటుంటుంది. ఒంటికి సరిగ్గా అతికిన జాకెట్టు. కొత్తది కుట్టాలంటే టైలరుకి అదే కొలతకిస్తాం. మనిషిని కొలవక్కర్లేదు. దాన్ని నేల మీద పరిచి కొలిస్తే చాలు!"

చాచా ఆ జాకెట్టుని ముట్టుకోలేదు. కూతురికి సైగ చేశారు. తను దాన్ని బల్ల మీద పరిచి భుజం నుంచి భుజానికి, చంక కింద అడ్డంగా, చెయ్యి పొడుగు, వీపు పొడుగు, నాలుగే నాలుగు కొలతలు గట్టిగా చదివింది. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత కాగితం మీద ఒక్కో కొలత పక్కన ఎంత కలపాలో రాసుకుని బట్ట తీశారు.

నాలుగు రోజుల తర్వాత ఆ కోటు మా ఇంటికి తెచ్చాం. అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నాకెందుకే ఇది?" అంటూనే వేసుకుంది. భుజం భుజం మీద కూర్చుంది. కొంగు లోపల సాఫీగా ఒదిగింది. గుండీ పెట్టి, చెయ్యి పైకెత్తి, దించి, అద్దం ముందు పక్కకి తిరిగి చూసుకుంది. వీపు నిటారుగా అయింది. విప్పమంటే, "ఉండవే కాసేపు" అంది.

అప్పుడే నాన్న ఆఫీసు నుంచి వచ్చారు. గుమ్మంలో చెప్పులు విప్పుతూ తలెత్తి చూసి అలాగే నిలబడిపోయారు. తర్వాత రెండు చేతులూ జోడించారు.

"మేడమ్ గారూ, మా కేసు వాయిదా ఎప్పుడండీ?"

"ముందు కాళ్లు కడుక్కుని రండి, తర్వాత చూద్దాం," అంది అమ్మ. ఆ సాయంత్రం కాఫీ ఆమె కోటుతోనే కలిపింది.

ఇక మిగిలింది పేజీ. చూసేవాళ్లెవరు? జిల్లా కోర్టుల్లో ఎంతమంది ఇంటర్నెట్ చూస్తారు? ఈసారి ఊహించుకోకుండా అడిగాం. ఆడ లాయర్లు చెప్పిన సంగతి ఒకటి మమ్మల్ని ఎగిరి గంతేయించింది. హైదరాబాదు హైకోర్టులో ఏ కేసు ఏ రోజు వస్తుందో తెలిపే జాబితా అప్పటికే ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. దాన్ని చూడటానికి జూనియర్లు తమ ఊళ్లో కోర్టు దగ్గరున్న నెట్ సెంటర్‌కి వెళ్తారట. ఆడవాళ్లలో ఎక్కువమంది జూనియర్లే. అంటే మనకి కావాల్సిన మనిషి వారానికోసారైనా కంప్యూటర్ ముందు కూర్చుంటోంది!

నా స్నేహితురాలు పేజీ తయారుచేసింది. తెలుగు అక్షరాలు అప్పట్లో అన్ని కంప్యూటర్లలోనూ కనపడేవి కావు. అందుకని నేను తెల్లకాగితం మీద గుండ్రంగా రాస్తే, తను దాన్ని బొమ్మలా స్కాన్ చేసి పెట్టింది. కోటు ఫొటో పెద్దది పెట్టాం. నెట్ సెంటర్లో పక్క కుర్చీల వాళ్లని బతిమాలి చూడమన్నాం. ఫొటో కాలర్ దాకా దిగేసరికే విసుగొచ్చి మూసేశారు. తను ఆ పరదా వెనకే కూర్చుని ఫొటోని చిన్నది చేసి కిందికి నెట్టి, జాకెట్టు ఎలా పరిచి కొలవాలో చూపే గీతల బొమ్మ పైన పెట్టింది. ఈసారి వాళ్లు మూయలేదు. ఒకామె తన ఆది జాకెట్టు గుర్తుచేసుకుని నవ్వింది కూడా.

తర్వాత బస్సెక్కాం. నల్గొండ, మహబూబ్‌నగర్, సంగారెడ్డి. కోర్టు పక్కనున్న నెట్ సెంటర్లలో కంప్యూటర్ల పక్కన మా కాగితం అంటించనివ్వమని అడిగాం. ముందు కోట్లు కుట్టి పెట్టుకోలేదు. ఆర్డరొస్తేనే కుట్టాలని ప్రణాళిక. చాచాకి అది మింగుడు పడలేదు. "కుట్టకముందే అమ్ముడు! ఏం జమానా బేటీ ఇది?"

పది రోజులు ఏమీ రాలేదు. రోజూ పొద్దున్నే నెట్ సెంటర్ తలుపు తీయకముందే మెట్ల మీద కూర్చునేవాళ్లం. పదకొండో రోజు నా స్నేహితురాలు పెట్టిన కేకకి పరదాలన్నీ పక్కకి జరిగాయి.

"ఒచ్చిందే! ఒచ్చింది! ఒకటి గాదు, రెండు!"

సిద్దిపేట నుంచి. ఆ ఊరికి మేం వెళ్లనేలేదు. ఎవరో సంగారెడ్డిలో కాగితం చూసి చెప్పారట. ఇద్దరు లాయరమ్మలు, ఒక్కొక్కరివి నాలుగేసి కొలతలు. ఆ కాగితం పట్టుకుని దుకాణానికి పరిగెత్తాం. చాచా కళ్లజోడు పెట్టుకున్నారు. "పేరు వద్దు, కొలత చెప్పుండ్రి ముందు," అన్నారు. కొలతలు విని, "ఒకామె భుజాలు వెడల్పు. బుర్ర గట్టిది ఉంటది," అని నవ్వారు. గుండీల కాజాలు, అంచులు మడిచి కుట్టే తురుపాయి పనికి జహనుమా బస్తీలో ఇద్దరు ఆడవాళ్లని మాట్లాడారు. కోట్లు వీపీపీలో పంపాం. పోస్ట్‌మన్‌కి డబ్బిచ్చి తీసుకునే పద్ధతి కాబట్టి చూడకుండా కొనాలన్న భయం వాళ్లకి తగ్గింది.

వారానికి ఆ ఇద్దరిలో ఒకామె దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, కంప్యూటర్లో కాదు, ఇన్లాండ్ కవర్లో. 'నన్ను చూసి కుట్టినట్టే ఉంది. కోర్టులో ఈరోజు మొదటిసారి కోటు సంగతి మర్చిపోయి వాదించాను. ఒక్క మాట. జేబేదీ?'

చాచా ఆ ఉత్తరం నాతో రెండుసార్లు చదివించుకున్నారు. మొదటిసారి మురిసిపోయారు, రెండోసారి తల పట్టుకున్నారు. "ముప్ఫై ఏండ్లు మగోళ్లకు నాలుగు జేబులు పెట్టిన. ఆడోళ్లకు ఒక్కటి పెట్టలే. ఎవరు అడిగిన్రు నన్ను?" ఆ రోజు నుంచి మా కోటుకి రెండు జేబులు. ఒకటి సెల్‌ఫోను పట్టేంత లోతు.

మేడమ్‌కి ప్రాజెక్టు ఇచ్చినప్పుడు రెండు పేజీల ప్రణాళికతో పాటు కోటు కూడా పట్టుకెళ్లాను. పట్టికలు లేవని మార్కులు మామూలుగానే వేశారు. క్లాసు అయ్యాక పిలిచి కోటు వేసుకుని చూశారు. వాళ్ల చెల్లెలు లాయరట.

మా వ్యాపారం ఎప్పుడూ పెద్దది కాలేదు. ఆరేళ్లు నడిచింది. ఆర్డర్లు నెలకి కొన్నే వచ్చేవి. అయినా కొత్త ఊరి పేరు వచ్చినప్పుడల్లా నా స్నేహితురాలు గోడ మీది మ్యాపులో గుండుసూది గుచ్చేది. మధ్యలో నాకు ఉద్యోగం వచ్చింది. కంపెనీల తరఫున ఇంటింటికీ వెళ్లి జనం ఏం కొంటున్నారో, ఎందుకు కొంటున్నారో అడిగే పని. జీతమిచ్చి మరీ ప్రశ్నలడగమంటున్నారని నాకు భలే సంతోషం. పేజీ, దుకాణం నా స్నేహితురాలే చూసుకుంది. నయాపూల్ దుకాణాల్లో కూడా ఆడవాళ్ల కోట్లు వేలాడటం మొదలైనప్పుడు నేను దిగులుపడ్డాను. చాచా మాత్రం వెళ్లి ఒకదాన్ని తిరగేసి చూసొచ్చారు. "టక్కులు సక్కగ పెట్టిన్రు," అన్నారు, తను నేర్పిన పని చూసుకున్నట్టు.

ఆ ఆరేళ్లలో చివరి ఏడాది ఒక శుక్రవారం సాయంత్రం నేను దుకాణంలో ఉండగా నా స్నేహితురాలి ఫోను మోగింది. మహబూబ్‌నగర్ నుంచి ఒక లాయరమ్మ. స్పీకర్ పెట్టింది.

"అక్కా, మీ కోటు మూడేండ్ల సంది తొడుగుతున్న. మస్తుంది. ఇప్పుడు నాకు ఏడో నెల. గుండీ పడ్తలేదు. ఇంకో రెండు నెల్లు కోర్టుకు పోవాలె. ఇట్లాంటోళ్లకు ఏమన్న కుడ్తరా?"

మేం ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఒక్కసారి కూడా మా బుర్రలకి తట్టలేదు.

"కుడ్తం," అంది నా స్నేహితురాలు. "కానీ ఎట్ల కుట్టాల్నో మాకు తెల్వదు. మేమే మీ దగ్గరికి వస్తం."

శనివారం నాకు సెలవు. పొద్దున మొదటి బస్సుకే ఇద్దరం బయల్దేరాం. టేపు, సుద్ద, నల్ల బట్ట ముక్కలు, చాచా కత్తిరించిచ్చిన మూడు కాగితపు నమూనాలు ఒళ్లో పెట్టుకుని, దారంతా ఒకరి మాటకి ఒకరం అడ్డుపడుతూ మాట్లాడుకున్నాం. బస్టాండులో దిగేసరికి ఆమె కోటు గుండీలు పెట్టకుండా, నడుము మీద చెయ్యి వేసుకుని నవ్వుతూ నిలబడి ఉంది. వెనకాల ఇంకో ముగ్గురిని వెంటబెట్టుకొచ్చింది. వాళ్లలో ఒకామె టీచరు, ఒకామె నర్సు, ఒకామె బ్యాంకులో పనిచేస్తుంది.

"వీళ్లకు కోటు లేదక్కా," అంది. "కానీ ఏడో నెలల డ్యూటీకి ఏం తొడుక్కోవాల్నో వీళ్లకూ తెల్వదట. జర వీళ్లను గూడ అడుగుతరా?"